రక్షణ బడ్జెట్‌కీ మా అమ్మ వంటింటికీ సంబంధం ఉందా?

విజయవాడలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "కాలేజీ సెమినార్‌లో నాకు 'సైనికీకరణ, ఆర్థిక విధానాలు, మహిళల రోజువారీ జీవితం' అనే టాపిక్ ఇచ్చారు. పుస్తకాల నిండా పెద్ద పెద్ద మాటలే. మా అమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. సరిహద్దులో ఏం జరిగినా, బడ్జెట్లో ఏం రాసినా ఆవిడకి ఏం మారుతుంది? నిజంగా సంబంధం ఉందా, లేక మేమే లాక్కొచ్చి అతికిస్తున్నామా?"

ఉందమ్మా. అతికించాల్సిన పనేం లేదు. (నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా చిన్నమ్మాయి వయసు నీది.) కాకపోతే యుద్ధం యుద్ధం పేరుతో మన గడప తొక్కదు. సుంకం సుంకం పేరుతో రాదు. నూనె ప్యాకెట్ ధరగా వస్తుంది, పనికి తీసుకెళ్లే వ్యాను రాకపోవడంగా వస్తుంది, తాకట్టుకి వెళ్లి తిరిగిరాని గాజులుగా వస్తుంది. ఇంట్లోకి వచ్చే డబ్బు తగ్గినా, ఖర్చు పెరిగినా ఆ లోటు పూడ్చే పని ఇంట్లో ఆడమనిషిదే. దానికి మనం పెట్టుకున్న పేరు 'సర్దుకోవడం'. దాన్ని రాసుకునే ఖాతా ఏ బడ్జెట్లోనూ లేదు. నా జవాబు అంతే. మిగిలిందంతా ఎందుకలా అంటున్నానో చెప్పడం.

నేను ఎకనామిక్స్ చదువుకున్నదాన్ని కాదు. గుంటూరు జిల్లాలో డ్వాక్రా సంఘాలతో ఇరవై మూడేళ్లు పనిచేశాను. మొదట పల్నాడు పల్లెల్లో, తర్వాత గుంటూరు టౌన్లో. సంఘాల తీర్మానాల పుస్తకాలు, అప్పుల లెక్కలు చదివీ చదివీ కళ్లజోడు నంబరు పెరిగింది. మా నాన్న ఆర్మీలో హవల్దారుగా రిటైరయ్యారు. అందుకని నీ టాపిక్‌లో ఉన్న రెండు ముక్కలూ నాకు ఇంట్లోవే.

ముందు ఒక మాట గురించి చెప్తాను. మీ అమ్మమ్మ రేషన్ బియ్యాన్ని ఏమంటుందో గమనించు. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ 'కంట్రోలు బియ్యం' అనే అంటారు. రేషన్ షాపుకి 'కంట్రోలు కొట్టు'. ఆ మాట రెండో ప్రపంచ యుద్ధం మనకిచ్చిపోయింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతిలోకి పోయింది, బర్మా నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. అదే ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ కాలంలోనే తిండిగింజల మీద కంట్రోళ్లు వచ్చాయి, 1943లో బట్ట మీదా వచ్చింది. బాంబులు పడ్డ రోజు గురించి మా నాయనమ్మకి పెద్దగా తెలియదు. గజం గుడ్డ కోసం చంకలో పిల్లతో వరసలో నిలబడ్డ రోజు మాత్రం చివరిదాకా గుర్తుంది. యుద్ధం 1945లో అయిపోయింది. మాట ఇంకా మన నోట్లోనే ఉంది.

రెండోది బంగారం. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు జాతీయ రక్షణ నిధికి ఊరూరా విరాళాలు ఇచ్చారు. మా నాయనమ్మ తన రెండు గాజుల్లో ఒకటి తీసి ఇచ్చింది. సంతోషంగానే ఇచ్చింది, ఆ మాట గొప్పగా చెప్పుకునేది కూడా. ఆ వెంటనే 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకి మించిన నగలు కొత్తగా చేయకూడదన్నారు. విదేశీ మారకం మిగిలించుకోవాలి, దేశంలోకి దొంగచాటుగా వచ్చే బంగారాన్ని ఆపాలి అన్నది ఉద్దేశం. ఆ దెబ్బకి కంసాలి కుటుంబాలు చాలాచోట్ల రోడ్డున పడ్డాయి. ఆ కొలిమి మీదే వాళ్ల ఇంట్లో ఆడవాళ్ల వంట కూడా ఆధారపడి ఉందని నిబంధన రాసినవాళ్లకి తట్టి ఉండదు. మా అత్తయ్య పెళ్లి ఆ ఏడాదే. పుట్టింటివాళ్లు పెట్టిన 14 క్యారెట్ల గొలుసు చూసి అత్తవారు 'ఇత్తడి' అన్నారట. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయానికి మాట పడింది పద్దెనిమిదేళ్ల పెళ్లికూతురు.

ఇప్పుడు దగ్గరికి వద్దాం.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లింది. మనకొచ్చే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఆ రెండు దేశాలదే. మన ఆంధ్రా వంటిళ్లలో మరిగేదేమో ఎక్కువగా సన్‌ఫ్లవరే. పామాయిల్‌కి మారదామంటే, ఆ ఏప్రిల్ 28 నుంచి దాదాపు నెలపాటు ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. మేలో గ్యాస్ బండ వెయ్యి దాటింది.

గుంటూరులో మా సంఘంలో ఒకావిడ మిరపకాయ బజ్జీల బండి పెట్టేది. సాయంత్రం నాలుగింటికి మూకుడు పెడితే తొమ్మిదికి దించేది. ఆ నెలల్లో ఆవిడ ఏమేం చేసిందో నెలవారీ మీటింగుల్లో ఒక్కొక్కటిగా బయటపడింది. మొదట బజ్జీలో కూరే వాము, చింతపండు ముద్ద తగ్గించింది. తర్వాత మిరపకాయ నిలువునా చీల్చి ఒకదాన్ని రెండు చేసింది. నూనె ఒక రోజు ఎక్కువ వాడింది. (ఇంట్లో బండతోనే బండి నడిపేది. చెప్పకూడదు, కానీ అందరికీ తెలిసిందే.) రేటు పెంచితే ఎదురుగా ఇంకో బండి ఉంది, గిరాకీ అటు పోతుంది. చివరికి తన బీపీ మాత్రలు రోజు మార్చి రోజు వేసుకోవడం మొదలుపెట్టింది. అది తనంతట తాను చెప్పలేదు. మీటింగులో కళ్లు తిరిగి పడిపోతే అడిగాం. "పిల్లాడి బస్సు పాసుకి సరిపోవాలిగా మేడమ్" అంది.

మీ సెమినార్లో ద్రవ్యోల్బణం 2022 ఏప్రిల్లో 7.79 శాతం అని స్లైడ్ మీద పెడతారు. ఆ 7.79లో రోజు మార్చి రోజు వేసుకున్న మాత్ర లేదు. నిజానికి ఆవిడ మందుల ఖర్చు తగ్గింది కూడా!

ధరలు అదుపు చేయాలని రిజర్వ్ బ్యాంకు ఆ మే నెలలో రెపో రేటు, అంటే బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీ, 4 శాతం నుంచి 4.40కి పెంచింది, 2023 ఫిబ్రవరికల్లా 6.50కి తీసుకెళ్లింది. పుస్తకం ప్రకారం చేయాల్సిందే చేసింది, నేను తప్పు పట్టను. డ్వాక్రా అప్పుకి వడ్డీ రాయితీ ఉంది కాబట్టి సంఘం అప్పు మీద దెబ్బ పెద్దగా తగల్లేదు. దెబ్బ తగిలింది ఇంటి మీద తీసుకున్న అప్పుకీ, మొగుడి ఆటో ఫైనాన్సుకీ. ఇంటి లోను ఈఎంఐ మారలేదు గానీ నెలల సంఖ్య పెరిగింది. చాలామందికి ఆ సంగతే తెలియదు, బ్యాంకు కాగితం తీసి చూపిస్తే నోరెళ్లబెట్టారు.

అప్పు విషయంలో మన ప్రాంతానికి ఒక చరిత్ర ఉంది, అది మాత్రం వదలకు. 2006 మార్చిలో కృష్ణా జిల్లాలో, అంటే మీ విజయవాడ చుట్టుపక్కలే, అధికారులు మైక్రోఫైనాన్స్ కంపెనీల (పేదలకి చిన్న చిన్న అప్పులిచ్చేవి) శాఖలు యాభైకి పైగా మూయించారు. వడ్డీలు, వసూలు చేసే పద్ధతుల మీద గొడవ అది. తర్వాత 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటిని కట్టడి చేస్తూ ఏకంగా ఆర్డినెన్సే తెచ్చింది. పేదలకి అప్పు అందుబాటులోకి తేవడం మంచి విధానమే. దాన్ని ఆడవాళ్ల చేతికే ఎందుకిచ్చారు? ఆడవాళ్లు ఎగ్గొట్టరని. ఎందుకు ఎగ్గొట్టరు? పరువుకి భయపడతారని. వారం వారం వసూలుకి వచ్చిన అబ్బాయి గుమ్మం ముందు కుర్చీ వేసుక్కూర్చుంటే, పక్కింటావిడ చూస్తుందని తాళి కుదువ పెట్టి కట్టినవాళ్లని నేనెరుగుదును. తాళిబొట్టు పోయి పసుపు తాడు మిగలడం మా సంఘాల్లో కొత్తగా చెప్పుకునే విషయమే కాదు.

బంగారం మాట మళ్లీ వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా విదేశీ నిల్వల్ని పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. దాంతో చాలా దేశాల కేంద్ర బ్యాంకులు బంగారం కొనడం పెంచాయి. 2022, 2023, 2024లో ఏటా వెయ్యి టన్నుల పైనే కొన్నాయి. ధర పెరగడానికి కారణాల్లో అదొకటి. 2025 ఏప్రిల్లో పది గ్రాములు లక్ష తాకింది. దీన్లో లాభం కూడా ఉంది: అదే గొలుసు మీద ఎక్కువ అప్పు పుడుతుంది. మా సంఘాల్లో కొందరు అలా గట్టెక్కారు. పెళ్లీడు పిల్ల ఉన్న తల్లి మాత్రం దుకాణం అద్దం ముందు నిలబడి చూసి వచ్చేస్తుంది.

రొయ్యల సంగతి నీ టాపిక్‌కి అచ్చంగా సరిపోతుంది. అమెరికా మన సరుకు మీద 2025 ఆగస్టులో ముందు 25 శాతం సుంకం వేసింది. రష్యా నుంచి చమురు కొంటున్నామని మరో 25 శాతం కలిపి ఆగస్టు 27 నుంచి 50 చేసింది. దేశంలో రొయ్యల ఎగుమతుల్లో ముందుండేది మన రాష్ట్రం. ఇక్కడ చూడు దారి ఎలా నడిచిందో: ఉక్రెయిన్‌లో యుద్ధం, రష్యా చమురు చవక, మనం కొన్నాం, అమెరికాకి కోపం, సుంకం, ఎగుమతిదారుడు ఆర్డర్లు తగ్గించాడు, షెడ్డులో పని తగ్గింది. రేపల్లె వైపు మా చుట్టం ఒకావిడ రొయ్యలు వలిచే పనికి వెళ్తుంది. తెల్లవారుజామున ఫ్యాక్టరీ వ్యాను వచ్చి సందు చివర హారన్ కొడుతుంది. ఐసు నీళ్లలో చేతులు పెట్టి తల తీసి, పొట్టు వలిచి, నరం లాగాలి. కిలోకింత. గోళ్ల చుట్టూ చర్మం తెల్లగా ఉబ్బి పగుళ్లు వచ్చి ఉంటుంది, రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుంటుంది. ఆ సెప్టెంబరులో వారానికి ఆరు రోజులు వచ్చే వ్యాను మూడు రోజులే వచ్చింది. ఎందుకని అడిగితే డ్రైవరు "ట్రంపు" అన్నాడట. "ఆయనెవరో గానీ మా కూలి మీద పడ్డాడేంటి పిన్నీ" అని నవ్వుతూనే అడిగింది. మిగిలిన మూడు రోజులు ఖాళీగా కూర్చుందనుకోకు, వరి కలుపుకి వెళ్లింది, సగం కూలికి. ప్రభుత్వ లెక్కలో ఆవిడ నిరుద్యోగి కాదు.

మిర్చి గురించి గుంటూరు మనిషినై చెప్పకపోతే బాగుండదు, కానీ క్లుప్తంగా చెప్తాను. యార్డులో ధర పడిపోతే పేపర్లో రైతు ఫొటో వస్తుంది, రావాల్సిందే. 2025 ఫిబ్రవరిలో ధర మరీ దిగజారితే కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు లెక్కగట్టి జోక్యం చేసుకుంటానంది. కోల్డ్ స్టోరేజీల దగ్గర గుడిసెల్లో కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ల ఫొటో రాదు. టిక్కీలు (మిర్చి బస్తాలు) కదలకపోతే వాళ్లకి పని లేదు. కదిలితే ఒళ్లంతా మంట, ఇంటికెళ్లి పసిపిల్లని ఎత్తుకునే ముందు సున్నిపిండితో చేతులు కడుక్కోవాలి.

ఇక సైన్యం. దీని మీద నాకు రెండు మనసులు ఉన్నాయి, దాచను.

మా నాన్న 1963లో చేరారు. ఆ జీతమే లేకపోతే మేం ముగ్గురం చదువుకునేవాళ్లం కాదు, పెంకుటిల్లు డాబా అయ్యేది కాదు. కాబట్టి సైన్యం అనగానే ముక్కు చిట్లించే వ్యాసాలు నాకు నచ్చవు. మన రాష్ట్రంలో పశ్చిమ గోదావరి జిల్లా మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు, తరతరాలుగా ఇంటింటికీ సైనికుడు. ఆ ఊళ్లో గర్వం నిజమే, ఆ ఊళ్లో మొగుడు లేకుండా గడిచిన ఆడవాళ్ల సంవత్సరాలూ నిజమే.

1971 యుద్ధమప్పుడు నాన్న తూర్పు సరిహద్దులో ఉన్నారు. నాకు రెండేళ్లు. ఆర్మీ పోస్టాఫీసు అడ్రసుకి అమ్మ ఉత్తరం రాస్తే జవాబు రావడానికి నెల పట్టేది. మనియార్డరు మాత్రం ఠంచనుగా వచ్చేది, తాతయ్య పేరున. యుద్ధంలో ఉన్నది అమ్మ భర్త, డబ్బు వచ్చేది మామగారికి. సబ్బు కావాలన్నా, నాకు జ్వరం మందు కావాలన్నా అమ్మ నాయనమ్మని అడగాలి, నాయనమ్మ తాతయ్యని అడగాలి. పొలం గట్టు తగాదా వస్తే మాత్రం "మీ ఆయన లేడుగా, నువ్వే వెళ్లి మాట్లాడు" అనేవాళ్లు. ఖర్చులో ఆడది, కష్టంలో మగాడు. అమ్మ ఈ మాట ఇప్పటికీ అంటుంది.

2016లో నాన్న పోయారు. సర్వీసు రికార్డులో అమ్మ పేరు 'సుబ్బమ్మ', ఆధార్‌లో 'వెంకట సుబ్బమ్మ'. పుట్టిన తేదీ ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి. ఫ్యామిలీ పెన్షన్ పదకొండు నెలలు ఆగింది. ఒక ఆఫీసులో ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నారు. తెస్తే, ఊరి సర్పంచి కాగితం తెమ్మన్నారు. అదీ తెస్తే, మొదటి అఫిడవిట్ మీద తేదీ పాతదైపోయిందన్నారు. డెబ్బై ఏళ్లకి దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ల నొప్పులతో ఆటోలో నాలుగుసార్లు తిరిగింది. చిన్న గుమస్తా ఒకాయన చివరికి విసుక్కుంటూనే పాత పార్ట్ టూ ఆర్డరు బయటికి తీశాడు, పెళ్లి నమోదు చేసిన కాగితం. అందులో 'వెంకట సుబ్బమ్మ' అనే ఉంది.

ఇది చదివే సైనికుల ఇళ్ల ఆడవాళ్లకి ఒక్క మాట: ఆయన ఉండగానే రికార్డులో మీ పేరు, పుట్టిన తేదీ, పిల్లల పేర్లు ఆధార్‌తో కలిసేలా చూసుకోండి. మామూలు మరణానికి ఫ్యామిలీ పెన్షన్ చివరి జీతంలో 30 శాతం, డ్యూటీ కారణంగా పోతే ప్రత్యేక పెన్షన్ 60, యుద్ధంలో పోతే 100 శాతం. మామూలు పెన్షన్లో మొదటి కొన్నేళ్లు ఎక్కువ రేటు ఉంటుంది. ఏ రకం ఇచ్చారో అడిగి కాగితం మీద రాయించుకోండి. అడగడానికి సిగ్గుపడకండి.

కొత్త కుర్రాళ్ల సంగతి వేరు. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ల ఉద్యోగం, మొదటి ఏడాది నెలకి 30 వేలు, నాలుగో ఏడాది 40 వేలు, అందులో కొంత కోసి, ప్రభుత్వం కూడా అంతే కలిపి, చివర్లో దాదాపు 11.7 లక్షల సేవానిధి ఇస్తారు. నాలుగో వంతు మందినే కొనసాగిస్తారు. పెన్షన్ లేదు, 48 లక్షల బీమా ఉంది. ప్రభుత్వానికి పెన్షన్ల భారం తగ్గుతుంది, సైన్యం వయసు తగ్గుతుంది, లెక్క సరైనదే కావచ్చు. ఇంట్లో లెక్క వేరు. పూర్వం మిలటరీ అబ్బాయి అంటే పిల్లనిచ్చేవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఇప్పుడు మా సంఘంలో ఒకావిడ కొడుకు అగ్నివీర్. సంబంధం మాట్లాడ్డానికి వెళ్తే "నాలుగేళ్ల తర్వాత ఏంటండీ?" అన్నారు. ఆవిడ ఇప్పటినుంచే చీటీ కడుతోంది, తిరిగొచ్చాక కొడుక్కి డీటీపీ షాపు పెట్టించాలట. తల్లి పొదుపు పెన్షన్ స్థానంలోకి వచ్చింది.

నీ టాపిక్ పేరులో సైనికీకరణ అని ఉంది కాబట్టి, యుద్ధం కాకుండా తుపాకులు ఊళ్లోకి రావడం గురించి కూడా చెప్పాలి. మణిపూర్, కాశ్మీర్ ఆడవాళ్ల బతుకు మీద గుంటూరులో కూర్చుని నేను మాట్లాడను, వాళ్లే చెప్పగలరు. నేను చూసింది పల్నాడు. 2001లో నేను పనిలో చేరేటప్పటికి దుర్గి, మాచర్ల, వెల్దుర్తి వైపు నక్సలైట్లు, పోలీసులు ఇద్దరూ ఉండేవాళ్లు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో చర్చలు జరిగాయి, 2005 జనవరికల్లా మళ్లీ మొదటికొచ్చింది.

సంఘం మీటింగు పెట్టాలంటే ఆడవాళ్లు పొలం నుంచి వచ్చి, వండి, పిల్లలకి పెట్టి, ఎనిమిదింటికి కూర్చోవాలి. ఊళ్లో పోలీసు పికెట్ పడ్డాక ఎనిమిదింటికి పదిమంది ఆడవాళ్లు ఒకచోట కూర్చుంటే ప్రశ్నలు. మీటింగు మధ్యాహ్నానికి మార్చాం. మధ్యాహ్నం అంటే పూట కూలి పోయినట్టే. అప్పటినుంచి సగంమంది రాలేదు, వాళ్లకి అప్పులూ అందలేదు. తుపాకీ పేలకుండానే పొదుపు ఆగింది.

ఒక ఊళ్లో ఒకావిడ నన్ను పక్కకి పిలిచింది. ముందు రోజు రాత్రి ఏడుగురు వచ్చి అన్నం పెట్టమన్నారు. పెట్టకపోతే ఒక భయం, పెడితే తెల్లారి వచ్చేవాళ్లతో ఇంకో భయం. అక్కడివాళ్లు అన్నలకి అన్నం పెట్టడం అని మెల్లగా అనేవాళ్లు, ఆ మాటలో ప్రేమా లేదు, ద్వేషమూ లేదు, అలసట ఉంది. ఇంట్లో ఉన్నది సంఘం ద్వారా అప్పుగా తెచ్చిన బియ్యం. రెండు కిలోలు పైనే అయిపోయింది. ఆ వారం లెక్క తేలాలి. "అక్కా, ఆ బియ్యం ఏ ఖాతాలో రాయాలి?" అని అడిగింది. నేను కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. 'చుట్టాలు వచ్చినందుకు' అని రాశాం. ఆవిడ ఆ రెండు కిలోలు తన వాటాలోంచి కట్టింది.

ఇప్పుడు బడ్జెట్. ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండు. 2025–26 కేంద్ర బడ్జెట్ మొత్తం 50.65 లక్షల కోట్లు. రక్షణ శాఖకి 6.81 లక్షల కోట్లు, మహిళా శిశు అభివృద్ధి శాఖకి దాదాపు 26,890 కోట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి హాల్లో చప్పట్లు కొట్టించుకోవచ్చు. నేనైతే పెట్టను. ఆడవాళ్ల మీద పెట్టే ఖర్చు బియ్యం సబ్సిడీలో ఉంది, ఉపాధి హామీలో ఉంది, రాష్ట్రాల పద్దుల్లో ఉంది. అటు రక్షణ శాఖ డబ్బులో దాదాపు 1.61 లక్షల కోట్లు పెన్షన్లే, అందులో మా అమ్మదీ ఉంది. ఫిరంగి ఒకటి కొనడం మానితే అంగన్‌వాడీ జీతం పెరుగుతుందని ఎవరూ రాసివ్వలేదు.

జీతం అన్నాను కాబట్టి: మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి వర్కర్‌కి 11,500, ఆయాకి 7,000. జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం) ప్రయోగించింది. అంటే వాళ్లది అత్యవసర సేవ. అత్యవసర సేవ అని తేల్చినవాళ్లకి ఇచ్చేది మాత్రం జీతం కాదు, గౌరవ వేతనం. ఆడవాళ్ల పని విషయంలో రాజ్యం రెండు నాలుకలతో మాట్లాడడం చూడాలంటే బడ్జెట్ అంకెల కంటే ఇది మంచి ఉదాహరణ. విజయవాడ ధర్నా చౌక్‌లో ఆ చలిలో కూర్చున్నవాళ్లు మీ పేటలో కూడా ఉంటారు, వెళ్లి అడుగు.

అంతా ఏడుపేనా అంటే కాదు. విధానం ఆడవాళ్లకి మేలు చేసినప్పుడు అది కూడా వెంటనే కనిపిస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక, గుంటూరు నుంచి విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్లి చీరలు తెచ్చి అమ్ముకునే మా సంఘం వాళ్లు వారానికి ఒకసారి వెళ్లేది రెండుసార్లు వెళ్తున్నారు. ఆటోవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు దాని గురించి వేరేగా చెప్తారు, అదీ వినాలి. దీపం పథకం కింద ఏడాదికి మూడు బండలు ఉచితం. కాకపోతే పథకం మొదలైనప్పుడు ముందు డబ్బు కట్టాల్సి వచ్చేది, తర్వాత ఖాతాలో పడేది. ఆ ముందు కట్టే డబ్బు కోసం చేబదులు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఇలాంటి చిన్న మెలిక విధానం రాసేవాళ్లకి కనిపించదు, బండ మీద మూత తిప్పేవాళ్లకి కనిపిస్తుంది.

ప్రతిదాన్నీ యుద్ధం ఖాతాలో వేయకు. టమాటా ధర పెరిగితే అది ఎక్కువసార్లు వాన వల్లే. మీ నాన్నగారు తాగితే అది సుంకాల వల్ల కాదు. మాస్టార్లు ఇక్కడే పట్టుకుంటారు, "ఇది దాని వల్లే అని ఎలా చెప్తావు?" అని. ఒక్కో గొలుసు లింకు లింకుగా చూపించగలిగితేనే చెప్పు. నూనెది చూపించగలవు, రొయ్యలది చూపించగలవు.

ఇక మీ అమ్మగారు. ఆవిడ బతుకులో ఏం మారిందని అడిగావు. ఆవిడ దగ్గర పాత కొలతల పుస్తకం ఉంటుంది, టైలరింగ్ చేసే ఎవరి దగ్గరైనా ఉంటుంది. 2019 నుంచి పేజీలు తిప్పు. జాకెట్టు కుట్టుకూలి ఎంత, లైనింగ్ గుడ్డ ఎంత, దారం రీలు ఎంత, ఏ ఏడాది ఏది పెరిగిందో రాసుకో. పెళ్లిళ్ల సీజన్లో మగ్గం పని జాకెట్లు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టు. బంగారం లక్ష దాటిన ఏడాది అవి తగ్గాయా, పెరిగాయా చూడు. నగ కొనలేనివాళ్లు జాకెట్టు మీద పని చేయించుకుంటున్నారని మా వైపు టైలర్లు అంటున్నారు, మీ దగ్గర ఎలా ఉందో నాకూ తెలుసుకోవాలని ఉంది. తర్వాత రాత్రి ఎన్నింటిదాకా మిషను తొక్కుతోందో, అప్పుడు ఎన్నింటిదాకా తొక్కేదో అడుగు. ఆవిడ "ఏముందిలే, సర్దుకుంటున్నాంగా" అంటుంది. అక్కడ ఆగిపోకుండా, ఏం మానేసి సర్దుకుందో అడుగు.